ఊరి నీటి లెక్క ఊరివాళ్లే తీసి పంచాయతీ ప్రణాళికలోకి ఎక్కించడం ఎలా

వేసవి గ్రామసభలో తాగునీటి మాట రాగానే చివరి వీధివాళ్లు "మాకు చుక్క రావట్లేదు" అంటారు. పంచాయతీవాళ్లు "రోజూ రెండుసార్లు ట్యాంకు నింపుతున్నాం" అంటారు. రెండు మాటలూ నిజమే కావచ్చు. వాదన గంటసేపు సాగి, "కొత్త బోరు కావాలి" అని తీర్మానం రాసి అందరూ లేస్తారు. బోరు పడ్డాక కూడా చివరి వీధికి నీళ్లు రావు, ఎందుకంటే చాలా ఊళ్లలో లోటు ఉన్నది బోరులో కాదు, పంపిణీలో. లోటు ఎక్కడుందో తేల్చాలంటే ఏ వీధిలో, ఏ కుళాయికి, ఎంతసేపు, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో లెక్క కావాలి. ఈ లెక్క తీయడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒక బకెట్టు, ఫోనులో గడియారం, పద్ధతి తెలిసిన పదిమంది మనుషులు చాలు.

తెలుగు నేల మీద ఇది కొత్త పని కాదు. 2000ల దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ పథకం కింద రైతులే పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం కొలిచారు, రోజూ వాన లెక్క రాశారు, ఆ అంకెలను ఊరి బోర్డు మీద అందరికీ కనబడేలా పెట్టి, రబీలో ఏ పంట ఎంత వెయ్యాలో కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కడ అంకెలు అధికారుల ఫైల్లోకి పోయి ఆగిపోలేదు, నిర్ణయం తీసుకునేవాళ్ల ముందే ఉన్నాయి. తాగునీటి లెక్క కూడా అలా నడిస్తేనే పనికొస్తుంది.

ముందు నిర్ణయం, తర్వాతే ప్రశ్న

సర్వే చేద్దామనుకోగానే అందరూ ప్రశ్నల జాబితా రాయడం మొదలుపెడతారు. అది తలకిందులు పద్ధతి. మొదట ఒక కాగితం తీసుకుని, ఈ లెక్క చూసి ఎవరు ఏ నిర్ణయం మార్చగలరో రాయండి. వాల్వు ఎంతసేపు తిప్పాలన్నది పంచాయతీ చేతిలో ఉంటుంది. ఊళ్లో పైపు లీకేజీ, మోటారు రిపేరు, బ్లీచింగ్ పౌడరు కూడా పంచాయతీ పనులే. పైపు సైజు పెంచడం, కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు లాంటివి గ్రామీణ నీటి సరఫరా శాఖ అంచనా వేసి, సాంకేతిక మంజూరు ఇవ్వాల్సినవి. తెలంగాణలో ట్యాంకు దాకా వచ్చే గ్రిడ్ నీళ్లు మిషన్ భగీరథ బాధ్యత, ట్యాంకు కింద ఊళ్లో పంపిణీ పంచాయతీ బాధ్యత. ఈ గీత ఎక్కడుందో మీ ఊరికి సంబంధించి స్పష్టంగా తెలుసుకోండి. గీతకు అవతలి సమస్యను పంచాయతీ సభలో అరిచినా లాభం లేదు, ఇవతలి సమస్యను జిల్లాకు అర్జీ పెట్టినా లాభం లేదు.

ఆ కాగితం మీది నిర్ణయాల్లో దేనికీ పనికిరాని ప్రశ్న ఎంత ఆసక్తికరంగా ఉన్నా కొట్టేయండి. పదిహేను ప్రశ్నలు దాటిన ఫారం ఊళ్లో నిలబడదు. ఇరవయ్యో ఇంటికి వచ్చేసరికి అడిగేవాళ్లకు విసుగొస్తుంది, చెప్పేవాళ్లు పొయ్యి మీది కూర చూసుకోవడానికి లోపలికి వెళ్లిపోతారు.

ఎప్పుడు తీయాలి

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారీ ప్రచారం సాధారణంగా అక్టోబరు 2న మొదలవుతుంది. అక్కడ ఎక్కిన పనులే తర్వాతి ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరంలో నిధులు అడగగలవు. అందుకని లెక్క ఏప్రిల్, మే నెలల్లో తీయాలి. జూన్, జూలైల్లో పట్టికలు వేసి, ఆగస్టులో వీధి వీధికీ చూపించి, సెప్టెంబరు నాటికి ప్రతిపాదన కాగితం చేతిలో ఉంచుకోవాలి. సెప్టెంబరులో హడావిడిగా సర్వే పెట్టుకున్న ఊళ్లు తరచూ దెబ్బతింటాయి. వానల తర్వాత బోర్లు నిండుగా ఉంటాయి, వాడకం తక్కువ, అన్ని కుళాయిలూ బాగానే పోస్తాయి. "సమస్య లేదు" అని మీ అంకెలే మీకు ఎదురు సాక్ష్యం చెబుతాయి.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. కాబట్టి అక్కడ ఆగస్టు సభలోనే మొదటి లెక్క చదివి వినిపించే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటును సర్వే మొదలుకాక ముందే కలవండి. తర్వాత అంచనా కాగితం ఆ చేతుల మీదుగానే కదలాలి.

ఇప్పటికే ఉన్న కాగితాలు

ఇంటింటికీ తిరిగే ముందు పంచాయతీలో అడగాల్సినవి ఇవి: ట్యాంకు సామర్థ్యం, బోర్ల సంఖ్య, మోటారు హార్స్‌పవర్, పంపింగు లాగ్‌బుక్కు, గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, చివరి నీటి పరీక్ష నివేదిక, ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు. గత ఏళ్ల ప్రణాళికలు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో పంచాయతీ పేరుతో ఎవరైనా చూడవచ్చు. అక్కడ "తాగునీటి మరమ్మతులు" అని నిరుడు పెట్టిన పని ఏదో, పూర్తయినట్టు రాశారో లేదో ముందే చూసుకోండి. మీరు కొత్తగా అడగబోయేది ఇప్పటికే పూర్తయినట్టు అక్కడ ఉండొచ్చు. అది సభలో తెలిసే కంటే ముందే తెలియడం నయం.

మాటమీద ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. ఆ నెల రోజులను మీ క్యాలెండర్‌లో ముందే కలుపుకోండి. అయితే మొదటిరోజే దరఖాస్తు పడేస్తే పంచాయతీ సిబ్బంది మిమ్మల్ని ఎదుటి పక్షంగా చూస్తారు. ముందు అడగండి, రెండు వారాలు చూడండి, తర్వాత పెట్టండి.

మనుషులు

నీళ్లు పట్టేవాళ్లకే నీళ్ల లెక్క తెలుస్తుంది. అందుకే బృందంలో సగానికి పైగా ఆడవాళ్లు ఉండాలి. పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య నుంచి వస్తే ఇంకా మంచిది, వాళ్లకు రిజిస్టరు రాసే అలవాటు ఉంటుంది. ఎస్సీ కాలనీ, తండా, శివారు గుడిసెల నుంచి కనీసం ఒక్కొక్కరు ఉండి తీరాలి. అక్కడికి బయటి వీధివాళ్లు వెళ్లి అడిగితే జవాబులు మారతాయి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్నది నియమం. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరో కనుక్కోండి, పరీక్ష కిట్టు ఎక్కడ మూలపడి ఉందో కూడా.

వాల్వులు తిప్పే మనిషిని మొదటిరోజు నుంచే బృందంలో కలపండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. ఊరి కింద ఏ పైపు ఎటు పోతోందో పటం ఎక్కడా ఉండదు, ఆయన తలలోనే ఉంటుంది. అతనికి తెలియకుండా లెక్క తీస్తే అది తన మీద ఫిర్యాదు అనుకుంటాడు, కొలిచే రోజు మీ వీధికి నీళ్లు బాగా వదులుతాడు. అప్పుడు అంకెలన్నీ అబద్ధాలవుతాయి.

కూలి మానుకుని వచ్చేవాళ్లకు రోజు కూలి ఇవ్వండి. ఉచిత సేవ మీద నడిచే సర్వే మూడోరోజుకు సగం మందితో మిగులుతుంది.

పటం, ఇళ్ల జాబితా

ఉపగ్రహ చిత్రం ఒకటి పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, వాల్వుమ్యాన్‌తో నడుస్తూ బోరు, ట్యాంకు, వాల్వులు, చేతిపంపులు, వీధి కుళాయిలు గుర్తు పెట్టండి. ప్రతి వాల్వుకూ ఒక నంబరు. ఆ వాల్వు కింద నీళ్లు అందుకునే ఇళ్లన్నీ ఒక జోను. వార్డుల వారీగా లెక్క తీయకండి, ఎందుకంటే నీళ్లకు వార్డు హద్దు తెలియదు, వాల్వు హద్దే తెలుసు. వార్డువారీ పట్టికలో ఒకే వార్డులోని మంచి జోను, చెడ్డ జోను కలిసి సగటై సమస్య మాయమైపోతుంది.

తర్వాత ఇళ్ల జాబితా. డిమాండు రిజిస్టరుతో మొదలుపెట్టి అందులో లేనివి కలపాలి: అద్దె గదులు, ఇటుకబట్టీల గుడిసెలు, రిజిస్టరు తర్వాత కట్టిన ఇళ్లు, కుళాయి కనెక్షన్ అసలే లేనివి. కనెక్షన్ ఉన్న ఇళ్లను మాత్రమే లెక్కపెడితే కనెక్షన్ లేనివాళ్ల బాధ మీ లెక్కలో ఉండదు. తాళం వేసిన ఇళ్లు కూడా జాబితాలో ఉండాలి. వలస వెళ్లినవాళ్లు పండక్కి వచ్చినప్పుడు నీటి అవసరం ఎంత పెరుగుతుందో అప్పుడే అర్థమవుతుంది.

అయిదు వందల ఇళ్ల లోపు ఊరైతే అన్ని ఇళ్లూ అడగండి. ఇద్దరేసి చొప్పున అయిదు జట్లు రోజుకు ఇరవై ఇళ్లు చేస్తే 430 ఇళ్లు అయిదు రోజుల్లో పూర్తవుతాయి. పెద్ద ఊరైతే జోనుకు కొన్ని ఇళ్లు ఎంచాలి. 1,200 ఇళ్లలో 200 కావాలంటే, చీటీ తీసి 1 నుంచి 6 మధ్య ఒక అంకె పట్టుకుని, అక్కడి నుంచి ప్రతి ఆరో ఇల్లు. తలుపు తీసి ఉన్న ఇంటికే వెళ్లడం మాత్రం చెయ్యకండి. పొలం పనులకు వెళ్లే ఇళ్లు అప్పుడు జారిపోతాయి, వాళ్ల కోసం సాయంత్రం మళ్లీ తిరగాలి.

ఎంపికకు ఒక హద్దు గుర్తుంచుకోండి. ఒక జోనులో 30 ఇళ్లు అడిగితే, అందులో సగం "సరిపోవట్లేదు" అంటే, ఆ జోను మొత్తం మీద నిజం సుమారు 32 నుంచి 68 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 100 ఇళ్లు అడిగితే ఆ దూరం 40 నుంచి 60కి తగ్గుతుంది. 48 శాతం ఉన్న జోనుకూ 53 శాతం ఉన్న జోనుకూ తేడా ఉందని వాదించకండి. 20కీ 80కీ తేడా ఉన్నచోట వాదించండి.

కొలత

ఇక్కడే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. "నీళ్లు సరిపోతున్నాయా?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఎవరూ ఒప్పుకోరు. కొలిచి రాసిన అంకెను కాదనడం కష్టం.

బకెట్టు సిద్ధం చేసుకోండి. లీటరు సీసాతో ఇరవైసార్లు కొలిచి పోసి, 20 లీటర్ల దగ్గర చెరగని గీత గీయండి. దుకాణంలో "20 లీటర్లు" అని అమ్మిన బకెట్టు అంచుదాకా నింపినా అంత పట్టకపోవచ్చు. అందరు కొలిచేవాళ్లకూ ఒకే గీత ఉన్న బకెట్టు ఉండాలి.

ప్రతి జోనులో ఆరు కుళాయిలు: వాల్వుకు దగ్గర రెండు, మధ్యలో రెండు, చివర రెండు. నీళ్లు వదిలిన పది నిమిషాలకు ఒకసారి, సగంలో ఒకసారి, ఆగడానికి ముందు ఒకసారి కొలవాలి. 20 లీటర్లు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. 1,200ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి లీటర్లు వస్తాయి. 100 సెకన్లు పడితే 12 లీటర్లు, 300 సెకన్లు పడితే 4 లీటర్లు.

కుళాయి దగ్గర చూసి రాయాల్సినవి ఇంకా ఉన్నాయి. పైపుకు నేరుగా మోటారు బిగించారా? బిగిస్తే దాన్ని ఆపి కొలవాలి, ఉన్నట్టు గుర్తు పెట్టాలి. ఒక వీధిలో నాలుగు మోటార్లు లాగుతుంటే వాటి తర్వాతి ఇళ్లకు ఒత్తిడి ఉండదు. కుళాయి నేల మట్టంలో ఉందా, గుంత తీసి లోపల పెట్టుకున్నారా? గుంత లోతు సెంటీమీటర్లలో కొలవండి. గుంతలున్న వీధి అంటేనే ఒత్తిడి చాలని వీధి. పైగా మురుగు ఆ గుంతలో నిలిస్తే, సరఫరా ఆగిన వేళ పైపులోకి వెనక్కి లాగుకుంటుంది. కుళాయికి తల ఉందా? తల లేని కుళాయి నిమిషానికి 8 లీటర్లు కాలువలోకి వదిలితే అరగంటలో 240 లీటర్లు పోయినట్టే. ఇలాంటివి ఎన్నో లెక్కపెట్టండి. బాగు చేయడానికి ఇంతకంటే చవక పని ఊళ్లో ఇంకోటి ఉండదు.

ఒక్కరోజు కొలత చాలదు. ప్రతి జోనులో మొదటి ఇంట్లో ఒకరికి, చివరి ఇంట్లో ఒకరికి గోడ క్యాలెండరు ఇచ్చి, వరుసగా పద్నాలుగు రోజులు నీళ్లు వచ్చిన వేళ, ఆగిన వేళ రాయమనండి. కరెంటు పోయిన రోజులు కూడా రాయాలి. దీన్ని పంపింగు లాగ్‌బుక్కుతో పక్కపక్కన పెట్టి చూస్తే, నీళ్లు ఇవ్వని రోజు "ఇచ్చాం" అని రాశారా, లేక ఇచ్చినా చివరిదాకా చేరలేదా అన్నది తెలుస్తుంది.

ట్యాంకు సంగతి. రాత్రి అన్ని వాల్వులూ కట్టేశాక ట్యాంకు బయట ఉండే మట్టం సూచిక చదివి, తెల్లవారుజామున మళ్లీ చదవండి. ట్యాంకు లోపలి వ్యాసం 6 మీటర్లయితే మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే సుమారు 283 లీటర్లు పోయినట్టు. రాత్రంతా 10 సెంటీమీటర్లు దిగితే 2,830 లీటర్లు వాల్వు దగ్గరో ట్యాంకు అడుగునో కారుతున్నాయి. సూచిక లేకపోతే పంచాయతీ సిబ్బందినే కొలవమనాలి. నిచ్చెన ఎక్కే పని వలంటీర్లకు ఎప్పుడూ అప్పగించకండి.

ఇంటి దగ్గర అడిగే ప్రశ్నలు నిన్నటి రోజు గురించి ఉండాలి: "నిన్న తాగడానికి, వండడానికి ఎన్ని బిందెలు పట్టారు?" బిందె అన్నిచోట్లా ఒకటే కాదు కనుక మీ ఊళ్లో వాడే మూడు నాలుగు రకాలు ముందే కొలిచి, ఫారంలో బొమ్మలు పెట్టండి. "వారానికి ఎన్ని క్యాన్లు కొంటున్నారు, ఒక్కో క్యాను ఎంత?" అన్న ప్రశ్న తప్పనిసరి. మినరల్ వాటర్ ప్లాంటుకు ఊరు మొత్తం ఏడాదికి ఎంత కడుతోందో తేలితే, నీటి నిర్వహణకు పంచాయతీ పెడుతున్న ఖర్చు పక్కన ఆ అంకె పెట్టండి. సభలో అందరూ వినే అంకె తరచూ ఇదే అవుతుంది.

నీటి నాణ్యత

చివరి ఇంటి దగ్గర, సరఫరా ఆగబోయే వేళ మిగులు క్లోరిన్ చూడండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదన్నది తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500. ట్యాంకు కింద ఎంత ఉందో కాదు, చివర ఎంత మిగిలిందో ముఖ్యం. 60,000 లీటర్లకు లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున 60 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త బ్లీచింగ్ పౌడరులో 30 శాతం క్లోరిన్ ఉంటే 200 గ్రాములు. మూతి తెరిచిన బస్తాలో నెలలు గడిచిన పౌడరులో అది బాగా తగ్గిపోతుంది, అదే 200 గ్రాములు వేసినా చివర సున్నా చూపిస్తుంది. అలాంటప్పుడు అడగాల్సింది మూత ఉన్న డబ్బా, కొత్త సరుకు.

పరీక్ష కిట్టులోని బాక్టీరియా సీసాలో పోసిన నీళ్లు నల్లబడితే అది మలకాలుష్యం ఉండొచ్చని హెచ్చరిక మాత్రమే. ల్యాబులో రుజువు కావాలి. ఆ నమూనా ల్యాబు ఇచ్చిన శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐసు పెట్టెలో అదేరోజు చేర్చాలి. ఫ్లోరైడు విషయంలో ఇంకాస్త జాగ్రత్త. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ సంగతి చెప్పనక్కర్లేదు. ప్రమాణం ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము వాంఛనీయం, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. కిట్టులో రంగు పోల్చి చూసే పద్ధతి ఈ రెండు అంకెల మధ్య తేడాను నమ్మకంగా చెప్పలేదు. 1.0 దగ్గరకు వచ్చిన ప్రతి బోరు నమూనానూ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపండి. నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చూపే, చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు ఫ్లోరైడునూ చూపదు, క్రిములనూ చూపదు. దాని అంకె తక్కువగా ఉందని నీళ్లు మంచివనుకోవద్దు.

ఫారం, ఫోను, రోజువారీ తనిఖీ

సర్వే ఫారాలు నింపే కోబోటూల్‌బాక్స్, ఓడీకే ఫోను యాప్‌లు రెండూ తెలుగులో ఫారం చూపిస్తాయి, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి. కాగితం మీద చేసినా తప్పులేదు, కానీ అదే రాత్రి అంకెలు ఎక్కించాలి. ఏదైనా సరే, పది ఇళ్లలో ప్రయోగం చేసి ఫారం దిద్దుకున్నాకే అసలు పని మొదలుపెట్టండి.

"తెలీదు" అన్న జవాబుకు 99 అని కోడు పెట్టకండి. పట్టిక వేసే రోజు అది 99 లీటర్లుగా కలిసిపోతుంది. ఖాళీ, సున్నా, తెలీదు అన్న మూడూ వేరు వేరుగా కనిపించాలి. ఇంటి నంబరు చాలు; ఆధార్, ఫోను నంబరు తీసుకోవద్దు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 వచ్చాక అనుమతి లేకుండా పేరుతో కలిపి సమాచారం దాచిపెట్టడం చట్టపరంగా కూడా చిక్కు తేవచ్చు. ఇంటింటి అంకెలు బృందం దగ్గరే ఉండాలి, బయట పెట్టేది జోను స్థాయి అంకెలే. మోటారు బిగించిన ఇళ్ల జాబితా బయటికి వస్తే తర్వాత ఏ ఇంటివాళ్లూ మీకు తలుపు తీయరు.

మొదటి వాక్యం అందరూ ఒకేలా చెప్పాలి: "ఇది పథకం కోసం కాదు, లబ్ధిదారుల జాబితా కాదు, నీళ్ల కొలత మాత్రమే." ఇది చెప్పకపోతే ఇళ్ల స్థలమో పింఛనో వస్తుందనుకుని జవాబులు సాగదీస్తారు.

రోజూ సాయంత్రం అరగంట తనిఖీ. ఒకే జట్టు రెండు గంటల్లో నలభై ఫారాలు నింపిందా? ఫోను చూపే స్థానాలన్నీ ఒకే చెట్టు కింద ఉన్నాయా? ప్రతి ఇంట్లోనూ పది బిందెలేనా? పదింట ఒక ఇంటికి మర్నాడు వేరే మనిషి వెళ్లి మూడు ప్రశ్నలు మళ్లీ అడగాలి. తేడా ఎక్కువగా ఉన్న జట్టును తిట్టకుండా, వాళ్లతో కలిసి వెళ్లి పద్ధతి చూపించండి. సాధారణంగా ప్రశ్న సరిగా అర్థం కాకపోవడమే కారణం.

అంకెలు ఏం చెబుతున్నాయో చదవడం

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఊహా ఊరు తీసుకుందాం. 1,800 జనం, 430 ఇళ్లు, అయిదు జోన్లు, 60,000 లీటర్ల ట్యాంకు రోజుకు రెండుసార్లు నిండుతుంది. మొత్తం 1,20,000 లీటర్లు. తలకు 66 లీటర్ల పైమాటే. జల్ జీవన్ మిషన్ చెప్పే 55 లీటర్లు దాటింది. కాగితం మీద ఊరికి లోటు లేదు.

ఇప్పుడు కుళాయి లెక్క. ఒక్కో జోనుకు రోజు మొత్తం మీద 40 నిమిషాలు నీళ్లు వదులుతున్నారు. మొదటి జోను ముందు ఇంట్లో నిమిషానికి 12 లీటర్లు, అంటే 480 లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో తలకు 96. చివరి జోను చివరి ఇంట్లో నిమిషానికి 4 లీటర్లు, 160 లీటర్లు, తలకు 32. కొత్త బోరు వేసి ట్యాంకు మూడుసార్లు నింపినా, వాల్వు సమయాలు మారకపోతే పెరిగిన నీళ్లలోనూ పెద్ద వాటా మొదటి జోన్లకే పోతుంది. మొదటి రెండు జోన్లకు పదేసి నిమిషాలు తగ్గించి (అక్కడ నిమిషానికి పోయే నీళ్లు ఎక్కువ కనుక) చివరిదానికి ముప్పై పెంచితే, ముందు ఇంటికి తలకు 72, చివరి ఇంటికి 56 వస్తాయి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంత తేలికైన జవాబు ప్రతి ఊళ్లో రాదు. కొన్నిచోట్ల సమయం పెంచినా చివరికి నీళ్లు ఎక్కవు. అప్పుడు పైపు పూడుకుపోయిందనో, సన్నగా ఉందనో, ఎత్తు తేడా ఉందనో అర్థం. ఆ తీర్పు ఇంజనీరుకే వదలాలి.

పట్టికలో సగటు కాకుండా మధ్య విలువ (అంకెలను వరుసలో పెడితే సరిగ్గా నడిమిది) చూపండి. సొంత బోరున్న రెండు ఇళ్లు వీధి సగటును పైకి ఎత్తేస్తాయి. శాతాలు మాత్రమే కాక "42 ఇళ్లలో 31" అని పూర్తిగా రాయండి. పటం మీద జోన్లకు రంగులు వేయండి. చదువు రానివాళ్లు కూడా తమ వీధి రంగు చూసి మాట్లాడగలుగుతారు.

వీధికి తిరిగి వెళ్లడం

గ్రామసభకు ముందే ప్రతి జోనులో చిన్న కూడిక పెట్టి పటం చూపించండి. అంకె తప్పనిపిస్తే అప్పుడే బకెట్టు తెచ్చి మళ్లీ కొలవండి. మొదటి జోనువాళ్లతో ప్రత్యేకంగా కూర్చోవాలి, నిమిషాలు తగ్గేది వాళ్లకే కనుక. తమకు తగ్గాక కూడా 55 దాటుతుందని చూస్తే చాలామంది ఒప్పుకుంటారు. సభలో హఠాత్తుగా చెబితే ఎదురు తిరుగుతారు. వాల్వుమ్యాన్ పేరు ఎక్కడా రాయొద్దు, మాట వాల్వు గురించే సాగాలి.

అధికారులు "ఇది ప్రభుత్వ లెక్క కాదు కదా" అంటే వాదించకండి. పటం మీద ఏవైనా మూడు కుళాయిలు ఆయన్నే ఎంచుకోమని, అసిస్టెంటు ఇంజనీరు సమక్షంలో కలిసి కొలుద్దామని రాతపూర్వకంగా అడగండి. ఆయన సంతకంతో మీ అంకెకు దగ్గరి అంకె వచ్చిందంటే మిగతా పట్టిక మీదా నమ్మకం కుదురుతుంది.

ప్రతిపాదన, తీర్మానం

పనులను మూడుగా విడగొట్టండి. డబ్బు అక్కర్లేనివి: వాల్వు వేళలు, కుళాయి తలలు, మోటార్లు తీయించడం. వీటిని ప్రణాళిక దాకా ఆపకుండా వెంటనే చేయించండి. ఒక్కటి జరిగినా మిగతావి అడిగే బలం వస్తుంది. రెండోవి పంచాయతీ నిధులతో అయ్యే మరమ్మతులు. మూడోవి శాఖకు పంపాల్సిన పెద్ద పనులు.

రెండో రకానికి నిధి శీర్షిక రాయాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి సగం, పారిశుద్ధ్యానికి సగం చొప్పున ముడిపెట్టింది. మీ ఏడాదికి వర్తించే ఉత్తర్వు కార్యదర్శి దగ్గర చూసి ఆ శీర్షికే రాయండి. శీర్షిక లేని కోరిక జాబితా చివరికి జారిపోతుంది.

ప్రతిపాదన ఒక్క పేజీ: సమస్య, కొలిచిన అంకె, తేదీ, కారణం, చేయాల్సిన పని, అంచనా, నిధి శీర్షిక, బాధ్యుల హోదా, గడువు. తీర్మానంలో "తాగునీటి సౌకర్యం మెరుగుపరచాలి" అని రాస్తే ఏదీ అడగలేరు. ఇలా ఉండాలి: "5వ నంబరు వాల్వు కింద 86 ఇళ్లలో మే నెల కొలత ప్రకారం చివరి ఇంటికి తలకు 32 లీటర్లే అందుతున్నందున, ఆ జోనులో లీకేజీ ఉన్న 120 మీటర్ల పైపు మార్చాలని, మార్చి 31లోగా పూర్తిచేయాలని సభ తీర్మానించింది." అంకె, చోటు, పొడవు, గడువు నాలుగూ మినిట్స్ పుస్తకంలో చేరేదాకా సంతకం చేయకండి. నకలు తీసుకోండి, తర్వాత పోర్టల్లో ఆ పని అదే పేరుతో ఎక్కిందో లేదో చూడండి. సభలో ఒప్పుకున్న పని నమోదు దగ్గర సాధారణ "మరమ్మతులు"గా మారిపోవడం తరచూ జరిగేదే.

తర్వాతి ఏడాది

పది ఇళ్లు ఎంచుకుని, జోనుకు రెండేసి, నెలకోసారి అదే బకెట్టుతో కొలుస్తూ ఉండండి. పంచాయతీ కార్యాలయం గోడ మీద ఆ పది అంకెలు పెట్టాలి. పని పూర్తయ్యాక కొలిచేది మళ్లీ మే నెలలోనే, అవే కుళాయిల దగ్గర. నవంబరు అంకెను మే అంకెతో పోలిస్తే వానకు దక్కాల్సిన ఘనత కాంట్రాక్టరుకు దక్కుతుంది. బృందంలో ఇద్దరు మారినా పని ఆగకుండా పటం, ఇళ్ల జాబితా, బిందెల కొలతలు, ఖాళీ ఫారం ఒక నకలు గ్రామ సమాఖ్య దగ్గర, ఒక నకలు పంచాయతీలో ఉంచండి. ఇంటి నంబర్లున్న ఫారాలు మాత్రం సమాఖ్య బీరువాలోనే, తాళంతో. ఏడాది తిరిగి కొత్త కొలత వచ్చాక పాతవాటిని చించేయండి. జోను పట్టికలు మాత్రం అట్టేపెట్టండి, అయిదేళ్ల మే నెలలు పక్కపక్కన ఉంటేనే బోరు నిజంగా ఎండుతోందో లేదో ఇంజనీరుకు చూపించగలరు.